మనిషి ఇంకా రాలా

మా ఊరి హైస్కూలు ముందు మా హెడ్మాస్టారి కంచు విగ్రహం పెట్టి రెండేళ్ళు దాటింది. ఆవిష్కరణ నాడు నేను వేదిక పక్కనే ఉన్నాను. ముసుగు తియ్యగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. పూలు చల్లారు. పూర్వ విద్యార్థులందరూ ఫోన్లు పైకెత్తారు. మాస్టారి భార్యను ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని దిమ్మె దగ్గరికి తీసుకెళ్ళాం. ఎనభై దాటిన మనిషి. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు పైకి చూశారు. ఏడుస్తారేమోనని ఒకావిడ మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది. ఆవిడ ఏడవలేదు. నా వైపు తిరిగి, "బాగుందమ్మా. చొక్కా అచ్చం ఆయనదే" అన్నారు.

ఆ సందడిలో ఆ మాట ఎవరి చెవినా పడలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చొక్కా అచ్చం ఆయనదే అన్నారంటే మొహం ఆయనది కాదనే కదా.

విగ్రహ కమిటీలో డబ్బుల లెక్క నాది. శిల్పికి ఫోన్లు చేసింది కూడా నేనే. ఆవిష్కరణకు మూడు నెలల ముందు ఆయన ఒక మాట అడిగారు. "మేడం, ఇంకో రెండు నెలలు టైం ఇయ్యండి. పంచె వచ్చింది, చొక్కా వచ్చింది, మనిషి ఇంకా రాలా." నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. కార్డులు ప్రింటుకి ఇచ్చేశామనీ, ముఖ్య అతిథి డేటు ఖాయం చేశారనీ, జయంతి దాటిపోతే మళ్ళీ ఏడాది ఆగాలనీ చెప్పాను. ఫోటోలు ఇంకా కావాలంటే వాట్సప్‌లో పంపిస్తానన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "సరే మేడం" అన్నారు.

2025 డిసెంబరులో శిల్పి రామ్ సుతార్ నూరేళ్ళ వయసులో కన్నుమూశారన్న వార్త చదువుతుంటే ఆ "సరే మేడం" మళ్ళీ చెవిలో పడినట్టయింది. వార్తల నిండా అడుగులూ మీటర్లే. గుజరాతులో 182 మీటర్ల పటేల్ విగ్రహం, హైదరాబాదులో 125 అడుగుల అంబేడ్కర్. అన్నీ నిజమే. కానీ ఒక శిల్పి డెబ్బై ఏళ్ళు చేసిన పనిని టేపు పెట్టి కొలిచి ముగించడం నాకు మింగుడు పడలేదు. ఆ చేతులకు ఎంత టైం దొరికింది, ఎవరిచ్చారు అన్నదే నాకు తెలుసుకోవాలనిపించింది.

అప్పటినుంచీ నాలో గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. విగ్రహానికి ముహూర్తం పెట్టాల్సింది శిల్పి. పెళ్ళికి పెట్టినట్టు మనమే ముందు తేదీ పెట్టేసి, ఆ లోపల మనిషిని తయారు చేసి తెమ్మనడం తప్పు. ఆ తప్పు నేనూ చేశాను.

మట్టిలో ఉన్నంతసేపే

శిల్పి షెడ్డు పెన్న అవతల, కోవూరు దాటాక రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది. అడ్వాన్సు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మొదటిసారి చూశాను. రేకుల కప్పు, నేలంతా మట్టి, ఒక మూల తలల వరస. తెలిసిన నాయకులు, తెలియని తాతలు. వాళ్ళ నాన్న గుడి గోపురాలకి సిమెంటు బొమ్మలు చేసేవారట. పన్నెండేళ్ళకే ఈయన సారువ కర్రల మీద కూర్చుని దేవతల వేళ్ళు చేశారట. తర్వాత ఫైన్ ఆర్ట్స్ చదువుకుని, కొన్నేళ్ళు ఉత్తరాదిన ఒక పెద్ద శిల్పి చేతికింద పనిచేసి, మళ్ళీ మన జిల్లాకే వచ్చారు. "ఎందుకొచ్చేశారు?" అని అడిగితే, "ఇక్కడి మొహాలు నాకు తెలుసు మేడం" అన్నారు.

కంచు విగ్రహమంటే మొదటినుంచీ కంచుతోనే చేస్తారని అనుకునేదాన్ని. ముందు ఇనప చువ్వలతో ఒక ఎముకల గూడు కడతారు. దాని మీద బంకమట్టి. అసలు శిల్పం అదే. మట్టి ఎండి పగలకుండా రోజూ తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. మట్టిలో ఉన్నంతసేపు ఏదైనా మార్చొచ్చు. ముక్కు ఒక నూలు తగ్గించొచ్చు, భుజం దించొచ్చు, మొత్తం తల కోసి పక్కకి పెట్టి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. అది కుదిరాక దాని మీద ప్లాస్టరుతో అచ్చు తీస్తారు. ఆ అచ్చులో మైనం పూస్తారు, అయిదారు మిల్లీమీటర్ల మందాన. మైనం బొమ్మకి లోపలా బయటా అచ్చుమట్టి పట్టించి, బట్టీలో పెట్టి రోజుల తరబడి కాలుస్తారు. మైనం కరిగి కారిపోయి ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి వెయ్యి డిగ్రీలు దాటి కాగిన లోహం పోస్తారు. మైనం కిలో పడితే లోహం ఎనిమిది తొమ్మిది కిలోలు పడుతుందని ఆయన చెప్పారు. అందులో నూటికి 85 వంతుల దాకా రాగి. మిగతాది తగరం, తుత్తునాగం, కాస్త సీసం. చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటుంది కాబట్టి మట్టిలోనే ఒక పిసరు పెద్దగా చేస్తారట. చల్లారాక అచ్చు పగలగొట్టి, ముక్కలు అతికి, ఆకురాయి పట్టి, గ్యాసు మంటతో వేడి చేస్తూ బ్రష్షుతో మందులు పూసి రంగు తెప్పిస్తారు. ఆ ముదురు గోధుమ రంగు పెయింటని మా కమిటీలో చాలామంది అనుకున్నారు.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, తొందర పెడితే దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలియాలని. అచ్చుమట్టి ఆరడానికి పట్టే రోజులు పడతాయి. బట్టీ కాలాల్సినంత కాలాలి. వాటిని ఎవరి ఫోనూ తగ్గించలేదు, తగ్గిస్తే పోత పగుళ్ళిస్తుంది. తగ్గించడానికి వీలున్నది ఒక్కటే, మట్టి దగ్గర శిల్పి నిలబడే టైం. మనిషి రావాల్సింది సరిగ్గా అక్కడే. చొక్కా మడతలకి, పంచె కుచ్చెళ్ళకి చేతికి అలవాటు చాలు. వందసార్లు చేసినవాళ్ళు కళ్ళు మూసుకుని కూడా చేస్తారు. మొహం మాత్రం ప్రతిసారీ కొత్తే. మా హెడ్మాస్టారి విగ్రహంలో చొక్కా అచ్చంగా రావడానికి, మొహం రాకపోవడానికి కారణం ఇదే. శిల్పికి పని రాకపోవడం వల్ల జరిగింది కాదు.

ఆయన ఇంకొకటి కూడా అడిగారు, అది నేను ఇంకా మర్చిపోలేకుండా ఉన్నాను. "ఇంట్లోవాళ్ళని ఒకసారి షెడ్డుకి తీసుకురండి, మట్టి చూస్తారు." అమ్మగారిని కారులో తీసుకెళ్ళి తీసుకురావాలంటే ఒక రోజు పోతుందని మేము ఫోటోలే పంపాం. అన్నీ తిన్నగా కెమెరా వైపు చూస్తున్న ఫోటోలు. స్కూలు గ్రూపు ఫోటోల్లోంచి కత్తిరించినవి, పెన్షన్ కాగితాల మీదివి.

సుతార్ గారి చేతులు

రామ్ సుతార్ 1925లో మహారాష్ట్రలోని ధులే జిల్లా గోందూర్ అనే పల్లెలో పుట్టారు. సుతార్ అంటే వడ్రంగి. మన వైపు విశ్వబ్రాహ్మణుల్లో కమ్మరి, వడ్రంగి, కంచరి, కాసె, కంసాలి అని అయిదు పనులు చెప్తాం కదా, అలాంటి ఇంటివారే. బొంబాయిలో జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. చదువయ్యాక 1950లలో పురావస్తు శాఖలో చేరి ఔరంగాబాదులో పనిచేశారు. ఎల్లోరా గుహల్లో విరిగిన, అరిగిన శిల్పాలను బాగుచెయ్యడం ఆ పనిలో భాగం. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమనిపించే ఘట్టం ఇదే. వెయ్యేళ్ళ కిందట ఎవరో చెక్కిన చెయ్యి విరిగితే, దాన్ని అతకాలంటే ఆ చెక్కినవాడు ఎలా ఆలోచించాడో తెలియాలి. అక్కడ సొంత గొప్ప చూపించుకోవడానికి లేదు. చూడ్డం ఒక్కటే పని.

తర్వాత ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. 1950ల చివర్లో అదీ వదిలేసి సొంతంగా శిల్పాలు చెయ్యడానికి దిగారు. ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగం వదిలి మట్టి పిసుకుతానంటే ఇంట్లోవాళ్ళు ఏమనుంటారో మనం ఊహించుకోవచ్చు. చంబల్ నది మీద గాంధీసాగర్ డ్యాము దగ్గర 45 అడుగుల చంబల్ తల్లిని కాంక్రీటులో మలిచారు. పక్కన ఇద్దరు పిల్లలు, మధ్యప్రదేశ్, రాజస్థాన్. ఆ తర్వాత పార్లమెంటు ఆవరణలో ధ్యానంలో కూర్చున్న కంచు గాంధీ. ఆయన చేసిన గాంధీ తలలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. గాంధీని ఎన్నిసార్లు చేశారో, అన్నిసార్లూ ఆ ఒక్క మొహాన్నే మళ్ళీ మళ్ళీ చూశారన్నమాట. పటేల్ విగ్రహం చేతికొచ్చే నాటికి ఆయనకి ఎనభై దాటాయి. అంటే ఆ 182 మీటర్ల కింద అరవై ఏళ్ళ మట్టి ఉంది.

మన జిల్లాలో శిల్పి ఎవరికైనా ఇందులో పదో వంతు టైం దొరుకుతుందా? మా శిల్పి దగ్గర ఒక గోడకి క్యాలెండరు వేలాడుతుంటుంది. అందులో ఎర్ర సున్నాలు చుట్టిన తేదీలన్నీ జయంతులూ వర్ధంతులే. ఎన్నికల ముందు సంవత్సరం ఆ సున్నాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. "ఆ ఏడాది నేను మొహాలు చూడను మేడం, తారీఖులు చూస్తాను" అన్నారొకసారి. అలా అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

చిన్నప్పుడు నాన్న మమ్మల్ని మద్రాసు తీసుకెళ్ళి మెరీనా బీచిలో నలుగురు మనుషులు బండను కదిలిస్తున్న కంచు శిల్పం చూపించారు. దేవీప్రసాద్ రాయ్‌చౌధురి చేసింది. 1929 నుంచి 1957 దాకా మద్రాసు ఆర్ట్ స్కూలు ప్రిన్సిపాలుగా ఉన్న మనిషి. 1959లో అక్కడ పెట్టారు. బతికున్న మనుషుల్ని ముందు నిలబెట్టుకుని చేసిన ఒళ్ళు అది. ఆ నలుగురి పేర్లూ మనకి అక్కర్లేదు. కాలి పిక్కలు చూస్తే చాలు, బండ బరువు తెలుస్తుంది. నాన్న ఆ పిక్కల వైపే చెయ్యి చూపించి, "చూడు, ఎట్టా బిగిసినాయో" అన్నారు. నేను మొదటిసారి శిల్పాన్ని చూడ్డం నేర్చుకున్నది ఆ చెయ్యి చూపించిన చోటే.

అదే చూపుతో మన దగ్గరి విగ్రహాలు చూస్తే బాధేస్తుంది. పొట్టి శ్రీరాములు గారిది మన జిల్లా పేరే. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని నిరాహారదీక్ష చేసిన మనిషి. తర్వాత మద్రాసులో 58 రోజులు తిండి మానేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన మనిషి. ఆయన ఒంటి చరిత్రంతా ఉపవాసమే. ఒక ఊళ్ళో ఆయన విగ్రహం చూశాను, నిండు చెంపలు, గుండ్రటి భుజాలు, బొద్దు చేతులు. దండలు వేసి ఉన్నాయి. గౌరవం లేక అలా చేశారని నేననను. ఆ ఒంటి గురించి ఆలోచించే టైం ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు, అంతే అనుకుంటున్నాను.

తేదీ లేకపోతే పని జరుగుతుందా

ముహూర్తం శిల్పే పెట్టాలని నేను కమిటీలో అంటే మా అధ్యక్షుల వారు వెంటనే, "ఆలస్యం అమృతం విషం" అన్నారు. ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. జయంతి అని ఒక రోజు ముందు కనబడకపోతే చందాలు రావు. అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థులు టికెట్లు కొనుక్కోవాలి. తేదీ లేని పని మా ఊళ్ళో ఇంకోటి ఉంది, గ్రంథాలయం రెండో గది. పదకొండేళ్ళుగా గోడల దాకా వచ్చి ఆగింది. శిల్పులు కూడా మనుషులే. తేదీ అడగకపోతే ఇంకో ఆర్డరు ముందుకు తీసుకుని మనదాన్ని మూలకి నెట్టేసేవాళ్ళూ ఉంటారు. ఇదంతా నాకు తెలుసు.

ఇంకా గట్టి అభ్యంతరం నేనే చెప్తాను. పటేల్ విగ్రహానికి 2013 అక్టోబరు 31న శంకుస్థాపన చేశారు, 2018 అక్టోబరు 31న ఆవిష్కరించారు. రెండూ ఆయన జయంతే. తేదీకి తేదీ సరిపోయింది. మరి తేదీ పెడితే పని చెడుతుందని ఎలా అంటావని ఎవరైనా అడగొచ్చు. దీని మీద చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచింది ఇది. అక్కడ అయిదేళ్ళున్నాయి. వేల మంది ఉన్నారు. పైతొడుగు కంచు పలకలు చైనాలో పోతపోశారు. అన్నిటికన్నా ముఖ్యంగా, మొహం బాధ్యత తీసుకున్నాయనకి అప్పటికే అరవై ఏళ్ళ అనుభవం. మాకున్నది ఏడు నెలలు, షెడ్డులో ముగ్గురు. ఆ లెక్క చూసి ఈ లెక్క వెయ్యలేం.

హైదరాబాదు అంబేడ్కర్ సంగతి చూడండి. 2016 ఏప్రిల్ 14న, 125వ జయంతి నాడు శంకుస్థాపన. ఆవిష్కరణ 2023 ఏప్రిల్ 14న. మధ్యలో ఆరు జయంతులు వచ్చి వెళ్ళాయి. ప్రతి ఏడూ ఏదైందని జనం అడిగారు, పేపర్లు అడిగాయి. ఆ ఆలస్యానికి కారణాలు శిల్పం బయటివి కూడా ఉండొచ్చు, దాన్ని నేను వెనకేసుకురావడం లేదు. కానీ ఇవాళ అక్కడికి వెళ్ళి తలెత్తి చూసేవాళ్ళలో ఎవరైనా ఆరేళ్ళు లేటయిందని చూస్తున్నారా?

ఇంకోవైపు చూస్తే, మహారాష్ట్రలో మాల్వన్ దగ్గర రాజ్‌కోట్ కోటలో పెట్టిన 35 అడుగుల శివాజీ విగ్రహం. 2023 డిసెంబరు 4న, నేవీ డే నాడు ఆవిష్కరించారు. 2024 ఆగస్టు 26న కూలిపోయింది. నిండా తొమ్మిది నెలలు నిలవలేదు. గాలి అన్నారు, తుప్పు పట్టిన బోల్టులు అన్నారు, కేసులు పెట్టారు. తర్వాత అదే చోట 60 అడుగుల కొత్త విగ్రహం పని సుతార్ గారి సంస్థకే అప్పగించారు. ఆ ఫోటోలు, కాళ్ళు మాత్రం మిగిలి పైన ఏమీ లేని ఆ దిమ్మె, చూసినప్పుడు నాకు మా ఊరి విగ్రహమే గుర్తొచ్చింది. మాది కూలలేదు, నిలబడే ఉంది. కానీ అమ్మగారి కళ్ళ ముందు ఆ రోజు ఏదో కూలింది కదా.

అసలు విగ్రహాలే ఎందుకు, ఆ డబ్బుతో బడికి ఒక గది కట్టొచ్చు కదా అని మా తమ్ముడు మొదటినుంచీ వాదించాడు. వాడికి ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేదు. గది కావాలి, నిజమే. కానీ మా మాస్టారు ఎలా ఉండేవారో తర్వాత పిల్లలకి తెలియాలన్న కోరిక కూడా తప్పుదేమీ కాదు. ఆ కోరికతో డబ్బు పెట్టాక మనిషి లేని చొక్కాని నిలబెడితే మాత్రం తమ్ముడి వాదనే గెలుస్తుంది. గదీ లేదు, మాస్టారూ లేరు.

ఫైబరు సంగతి కూడా చెప్పాలి. చాలా ఊళ్ళలో "కాంస్య విగ్రహం" అని పేపర్లో రాసేవి ఫైబరు మీద కంచు రంగు వేసినవి. నాకు వాటి మీద చిన్నచూపు లేదు. మొహం కుదిరిన ఫైబరు, మొహం కుదరని కంచు కంటే వంద రెట్లు మేలు. ఉన్న డబ్బుకి రెండిట్లో ఒకటే దొరుకుతుందంటే, ఫైబరులో చేయించి మిగిలిన డబ్బు శిల్పికి మట్టి దగ్గర ఇంకో మూడు నెలల కూలిగా ఇవ్వమనే చెప్తాను. కంచు గొప్పదనమంతా అది నిలిచి ఉండడంలోనే ఉంది. మన సముద్రపు గాలికి కాస్త పచ్చబడుతుంది గానీ వందల ఏళ్ళు ఉంటుంది. అందుకే భయం. తప్పు మొహం కూడా వందల ఏళ్ళు ఉంటుంది.

దిమ్మె మీద పేర్లు

మా దిమ్మెకి చీమకుర్తి గ్రానైటు వేయించాం. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయి, అందరికీ తెలిసిందే. ఆ చుక్కల ఖనిజం పేరు బ్రాంజైటు, కంచు రంగు వల్ల వచ్చిన పేరు. ఆ సంగతి నాకు రాయి కోయించడానికి వెళ్ళినప్పుడు ఒక కుర్రాడు చెప్పాడు. నాకు ఎంతో సంతోషమేసింది. ఆ రాతి మీద శిలాఫలకం పెట్టాం. ముఖ్య అతిథి, విశిష్ట అతిథులు, కమిటీ సభ్యులు, పెద్ద మొత్తం చందా ఇచ్చినవాళ్ళు, దిమ్మె కట్టిన మేస్త్రీ. నా పేరూ ఉంది. శిల్పి పేరు లేదు. ఎవరూ వద్దనలేదు. ఎవరికీ తట్టలేదు.

తిరుమలలో మహాద్వారం దాటి లోపలికి వెళ్ళగానే కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి రాగి విగ్రహాలుంటాయి. చేతులు జోడించి నిలబడి ఉంటారు. క్యూలో తోసుకుంటూ వెళ్ళేటప్పుడు ఒక్క క్షణం చూస్తాం. వాళ్ళ భుజాల మీద వాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. మన ఉదయగిరి కోటను 1514లో గెలిచిన రాజు ఇప్పటికీ పేరుతో సహా అక్కడ నిలబడి ఉన్నాడు. ఆయన్ని అలా నిలబెట్టినవాడి పేరు ఏ భుజం మీదా లేదు. అయిదు వందల ఏళ్ళ కిందటి అలవాటు మా ఊరి గ్రానైటు మీద కూడా వచ్చి కూర్చుంది.

పేరుకీ తేదీకీ సంబంధం ఏముందంటే, ఉంది. కింద తన పేరు ఉంటుందని తెలిసిన మనిషి, మొహం రాలేదని గట్టిగా చెప్పగలడు. పేరే లేనివాడు "సరే మేడం" అంటాడు. నాకు ఆ ఫోనులో వినిపించిన మౌనం అదేనని ఇప్పుడు అనుకుంటున్నాను.

మళ్ళీ షెడ్డులో

సుతార్ గారి వార్త వచ్చిన వారంలోనే నేను కమిటీని కూర్చోబెట్టాను. తల మార్చొచ్చా అని శిల్పినే అడిగాం. మార్చొచ్చన్నారు. చొక్కా కాలరు దగ్గర కోసి, కొత్త తల పోతపోసి అతికితే అతుకు కాలరు కింద దాగిపోతుంది, రంగు మళ్ళీ పట్టించాలి. మట్టి పనికి డబ్బు తీసుకోనన్నారు. లోహానికీ బట్టీకీ అయ్యేది మేము పెట్టుకోవాలి. అధ్యక్షుల వారు ఎప్పటికి అవుతుందని అడిగారు. ఆయన ఏమీ చెప్పకముందే నేను, "ఆయన చెప్పినప్పుడు" అన్నాను. ఎవరూ మారుమాట్లాడలేదు. ఫలకం మీద ఆయన పేరు చెక్కించే పనికి కూడా అదే రోజు ఒప్పుకున్నారు.

పోయిన ఆదివారం అమ్మగారిని షెడ్డుకి తీసుకెళ్ళాను. దారిలో పెన్న వంతెన మీద ఒక్కసారి నీళ్ళున్నాయా అని అడిగారు. తర్వాత మాట్లాడలేదు. షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాం. శిల్పి తడి గోనెపట్టా తీశారు. బల్ల మీద తల, మెడ దాకా. మాస్టారు తిన్నగా ముందుకు చూస్తున్నారు.

"అమ్మా, ఎక్కడ తేడా ఉందో చెప్పండి" అన్నారు శిల్పి.

ఆవిడ చాలాసేపు చూశారు. ముక్కు బాగానే ఉందన్నారు. కనుబొమలు ఆయనవేనన్నారు. మళ్ళీ చూశారు. "ఇట్ట ఎప్పుడూ చూసేవారు కాదు" అన్నారు.

"ఎట్ట చూసేవారమ్మా?"

ఆవిడ కుర్చీలోనే కాస్త ముందుకు వంగి, తల ఎడమవైపుకు కొద్దిగా తిప్పి, గడ్డం ఒక పిసరు దించి చూపించారు. "ఎడమ చెవి వినపడేది కాదు. ఎవరికీ చెప్పేవారు కాదు, బళ్ళో తెలిస్తే పిల్లలు అల్లరి చేస్తారని. అందుకని ఎవరేం చెప్పినా ఇట్ట తిరిగి వినేవారు."

ముప్ఫై ఏళ్ళలో ఆయన ముందు కూర్చుని చదువుకున్నవాళ్ళం, ఆయన దగ్గరే పనిచేసినవాళ్ళం కమిటీలో పద్నాలుగు మందిమి. మాకెవరికీ ఆ చెవి సంగతి తెలియదు. అంత శ్రద్ధగా వింటారే అనుకునేవాళ్ళం.

శిల్పి ఏమీ అనలేదు. రెండు చెక్క పిడుల మధ్య కట్టిన సన్నటి తీగ తీసుకుని, మట్టి మెడని గొంతుక కింద అడ్డంగా కోశారు. రెండు అరచేతులూ చెంపలకి ఆనించి తలని పట్టుకుని, వేలెడు మేర ఎడమకి తిప్పారు. వెనక్కి జరిగి చూశారు. గడ్డం కింద బొటనవేలుతో నొక్కి కొంచెం దించారు. కోసిన చోట కొత్త మట్టి పెట్టి తడిచేత్తో రాశారు.

అమ్మగారు లేచారు. నేను పట్టుకోబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపి, కుర్చీ తనే లాక్కుని, ఆ తలకి కుడివైపుకు వెళ్ళి కూర్చున్నారు.